బాపమ్మ ఎక్కే విమానానికి గాలి తీశాను

మా నాన్నను కన్న బాపమ్మ డెబ్బై నాలుగేళ్ల వయసులో తొలిసారి విమానం ఎక్కింది. ఎక్కాల్సిన సమయానికి కాదు, గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా. ఆమెతోపాటు మరో నూట డెబ్బై మంది కూడా అలాగే ఎక్కారు. ఆలస్యానికి "సాంకేతిక కారణాలు" అని ఎయిర్‌పోర్టు మైకులో మూడు భాషల్లో చెప్పారు. ఆ సాంకేతిక కారణం ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు యాభై ఎనిమిది కిలోలు, పేరు వినోద్. అంటే నేనే.

నవ్వకండి. ఇంకా మొదలే పెట్టలేదు.

మాది బేగంబజార్ వెనక గల్లీలో పాల వ్యాపారం. నాలుగు బర్రెలు, ఒక చిన్న దుకాణం, దాని ముందు బెంచీ. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు మా ఇంటి సంగతులు మాకన్నా ముందే తెలిసేవి. నేను విమానాల మరమ్మతు కోర్సులో చేరిన రోజున, మరో మూడేళ్లలో నేనే విమానం నడుపుతానని ఆ బెంచీ తీర్మానించింది. నడపడం వేరు, బాగుచేయడం వేరని నేను చెప్పబోతే, "వినయం మస్తుంది పోరనికి" అని మెచ్చుకున్నారు. నేనూ ఊరుకున్నాను. పొగడ్తను సరిదిద్దే అలవాటు నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు.

కోర్సు అయింది. విమానాలకు మరమ్మతులు చేసే కంపెనీలో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఇంటికి రాగానే బాపు, అదే మా నాన్న, పాలు కొలుస్తూ అడిగాడు.

"ఏం పనిచ్చిన్రు?"

"టైర్ల సెక్షన్ బాపూ. టైర్లు చూసుడు, గాలి కొట్టుడు."

బాపు చేతిలోని కొలపాత్ర గాల్లోనే ఆగిపోయింది. "మూడేండ్లు చదివి గాలి కొట్టుడా? గది అఫ్జల్‌గంజ్‌ల ఖాజా భాయ్ బడికి పోకుండనే కొడుతుండు గదరా!"

బెంచీ మీద ఎవరూ ఏమీ అనలేదు. అనకుండా ఎంత బాగా నవ్వవచ్చో ఆ రోజే చూశాను.

నా పక్కన నిలబడింది ఒక్క బాపమ్మే. ఆమెకు నా ఉద్యోగం మీద జాలి లేదు, గర్వం లేదు, ఉన్నదల్లా కుతూహలం. రోజూ సాయంత్రం నేను వచ్చేసరికి గడప మీద కూర్చుని ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకునేది. మా ట్రైనింగ్ సెంటర్‌లో కూడా నన్ను ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

"ఇనోదూ, అంత పెద్ద ఇమానం గంత చిన్న టైర్ల మీద ఎట్ల నిలబడుతదిరా?"

"అండ్ల ఒత్తిడి మస్తుంటది బాపమ్మా. కారు టైరు కంటె ఆరేడింతలు."

"అంత గాలా?"

"గాలి గాదు, నైట్రోజన్ కొడతం."

"నైటే ఎందుకు? పగటి పూట కొట్టరా?"

నేను ఓపికగా చెప్పాను. మామూలు గాలిలో తడి ఉంటుంది, పైకి వెళితే ఆ తడి గడ్డకడుతుంది. ఆక్సిజన్ కూడా ఉంటుంది, బ్రేకులు కాలిపోయేంత వేడెక్కినప్పుడు అది నిప్పుకు తోడవుతుంది. నైట్రోజన్ అయితే నిప్పు జోలికి పోదు, చల్లగా తన పని తాను చూసుకుంటుంది.

బాపమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది. "మంచి గుణం. మీ బాపుకు గూడ జర కొట్టరాదూ?"

ఇంకో రోజు ఇనుప బోను సంగతి చెప్పాను. కొత్త టైరును చక్రానికి ఎక్కించాక బోనులో పెట్టి తలుపు వేసి, గొట్టం పొడుగ్గా లాగి, దూరంగా నిలబడి, మెల్లమెల్లగా నింపుతామని.

"బోనులనా? పులినా ఏంది?"

"పులి గరిస్తె దవాఖాన్ల కుట్లేస్తరు బాపమ్మా. గది పేలితె కుట్లెయ్యడానికి ఏం మిగలదు."

"అబ్బో! మరి నువ్వు దూరంగనే ఉంటున్నవా?"

"ఉంటున్న."

"పక్కలకు గిట్ల పోతలేవు గద?"

"పోతలేను."

ఈ మాటలు కాస్త గుర్తుంచుకోండి. నేను మాత్రం గుర్తుంచుకోలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. నన్ను టైర్ల షాపు నుంచి విమానాలు ఆగే చోటికి మార్చారు. నా పై ఇంజనీరు పేరు సుదర్శన్ సార్. రాజమండ్రి మనిషి. గొంతు పెంచడం ఎరుగడు. ఆయన కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవాడు. బాగా కోపం వస్తే ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సి వచ్చేది.

అదే ఎండాకాలంలో బాపమ్మ కాశీ ప్రయాణం కుదిరింది. తాత పేరు మీద గంగ ఒడ్డున పిండం పెట్టించాలని ఆమెకు పదేళ్లుగా కోరిక. రెండు రోజులు రైల్లో కూర్చోవడానికి మోకాళ్లు ఒప్పుకోవు. అందుకని బాపు గుండె రాయి చేసుకుని విమానం టికెట్లు తీశాడు: బాపమ్మకు, అమ్మకు, తనకు. కాశీలో పురోహితుడితో మాట్లాడి, చేరిన మర్నాడు పొద్దున్నే తిథికి అంతా సిద్ధం చేయించాడు. తీరా చూస్తే అది మేం చూసుకునే విమానాల్లో ఒకటి.

"గట్లయితె నేనెక్కే ఇమానం టైర్లు నువ్వే చూడాలె" అంది బాపమ్మ. "ఇంకెవ్వల్నీ నమ్మ."

"నేనే చూస్త బాపమ్మా" అన్నాను. ట్రైనీకి విమానం మీద ఉండే అధికారం, పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌కు పెళ్లికూతురి మీద ఉండే అధికారమంత. దగ్గరికి వెళ్లవచ్చు, చూడవచ్చు, అంతే. కానీ మనవడి నోటికి ఆ తేడా తెలియదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు డ్యూటీ దిగి వస్తూ అఫ్జల్‌గంజ్‌లో ఖాజా భాయ్ దుకాణం ముందు ఆగాను. ఆయనది నలభై ఏళ్ల టైర్ల అనుభవం. అప్పుడే ఒక లారీ వచ్చి ఆగింది, టైర్లు పొగలు కక్కుతున్నాయి. ఖాజా భాయ్ ఒక్కో టైరు మీద బొటనవేలితో నొక్కి, తల ఊపి, వాల్వ్ నొక్కి "సుయ్‌"మని కాస్త గాలి వదిలాడు.

"ఎందుకు తీస్తున్నవ్ భాయ్?"

"గర్మీ మియా, గర్మీ! వేడికి హవా ఉబ్బుతది. జర ఛోడ్ దేనా, వదిలెయ్యాలె. లేకుంటె ఫటాక్!"

"ఎంత తియ్యాలె? లెక్క ఉంటదా?"

ఖాజా భాయ్ తన బొటనవేలు పైకెత్తి చూపించాడు. "ఇదే లెక్క."

ఆ వేలి ముందు నా మూడేళ్ల చదువు తల వంచింది.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. వేడి టైరు గురించి మాకు చదువులో చెప్పలేదా? చెప్పారు. నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాయించారు. "విమానం దిగాక కనీసం రెండు మూడు గంటలు చల్లారనిచ్చి ఒత్తిడి చూడాలి. వేడి టైరులోంచి ఎట్టి పరిస్థితుల్లోనూ గాలి తీయరాదు." పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు రాశాను, పూర్తి మార్కులు వేశారు. కాకపోతే పరీక్షలో రాసినదాన్ని తర్వాత నిజంగా పాటించాలని నా మనసుకు ఎక్కలేదు. చదువు కాగితం మీద ఉండిపోయింది. ఖాజా భాయ్ బొటనవేలు మాత్రం కళ్ల ముందు నిలబడింది.

ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం, మర్నాడు కాశీ వెళ్లాల్సిన విమానం దిగి మా దగ్గరికి వచ్చి ఆగింది. బయట ఎండ మండిపోతోంది. సుదర్శన్ సార్ నాకు పని చెప్పాడు.

"టైర్లు చూసి రా. ముందు నుంచి గానీ వెనక నుంచి గానీ వెళ్లు, పక్క నుంచి వెళ్లకు. బ్రేకులు ఇంకా వేడిగా ఉన్నాయి. కోతలు, ఉబ్బులు, అరుగుదల చూడు. ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకకు, వచ్చి నాకు చెప్పు. ఒత్తిడి రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూద్దాం. అర్థమైందా?"

"అయింది సార్."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఎవరికైనా ఏమైనా చెప్పగలరా? పాపం ఆయన తప్పేమీ లేదు.

ముందు నుంచే వెళ్లాను. వంగి చూశాను. గాడులు సరిగ్గా ఉన్నాయి. పొడుగునా నాలుగు గీతలు, ఒక్క అడ్డగీత లేదు. వాన నీళ్లు పక్కలకు పోవడానికి ఆ గీతలే చాలట. ఆ టైరుకు పరుగెత్తడం, ఆగడం తప్ప వేరే పని లేదు. కోత లేదు, ఉబ్బు లేదు, మేకు లేదు. పని అయిపోయింది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఈ కథ లేదు.

చక్రం దగ్గర రొట్టెల పెనం పక్కన నిలబడ్డంత వేడిగా ఉంది. రేపు దీని మీద మా బాపమ్మ కూర్చుంటుంది. అసలు లోపల ఎంత ఒత్తిడి ఉందో? ఊరికే తెలుసుకుంటే తప్పేముంది? పక్కనే పెట్టెలో ఒత్తిడి కొలిచే గేజీ ఉంది. నేను చక్రం పక్కకు వెళ్లాను. అవును, ఆ పక్కకే. వాల్వ్ మూత విప్పి గేజీ పెట్టాను.

రెండు వందల ఇరవై.

ఉండాల్సింది రెండు వందలు.

గేజీ తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ రెండు వందల ఇరవై. ఇరవై ఎక్కువ! చెవిలో ఖాజా భాయ్ "ఫటాక్" అన్నాడు. కళ్ల ముందు బాపమ్మ, ఆమె ఒళ్లో పిండం సామాను సంచి, కింద ఈ టైరు. ఇక ఆలోచించలేదు. వాల్వ్ నొక్కాను.

"సుయ్‌..."

నైట్రోజన్ ఎంత మర్యాదగా బయటికి వచ్చిందనుకున్నారు! కాస్త వదిలి చూశాను, రెండు వందల పది. ఇంకాస్త వదిలాను. సరిగ్గా రెండు వందలు. ఒక్క గీత అటూ ఇటూ లేదు. మూత బిగించి పక్కనే ఉన్న రెండో చక్రం వైపు తిరిగాను. మూత మీద చెయ్యి పడింది కూడా.

"వినోద్!" సార్ పిలుపు. "అయిందా? ఇటు రా, ఇంకో పనుంది."

"వస్తున్న సార్."

రెండో చక్రం బతికిపోయింది.

ఈ ఘనకార్యం గురించి నేను ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. భయంతో కాదండీ. చేసిన మంచిపని నలుగురికీ చెప్పుకోకూడదని. ఇంటికి వెళ్లి బాపమ్మకు మాత్రం చెప్పాను.

"చూసిన బాపమ్మా. నా చేతులతోటి సరి చేసిన. ఇగ ఫికర్ లేదు."

ఆమె నా రెండు చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విమానం. బాపు భయానికి మావాళ్లు అయిదింటికే ఎయిర్‌పోర్టు చేరారు. నేను డ్యూటీలో, గేటు దగ్గర ఆగిన విమానం కింద ఉన్నాను. పైన అద్దాల వెనక ప్రయాణికుల హాలు. సుదర్శన్ సార్ గేజీతో ఒక్కో చక్రం చూసుకుంటూ వచ్చాడు. నిన్న నేను ముట్టుకున్న చక్రం దగ్గర ఆగాడు. గేజీ తీశాడు, పెట్టాడు, తీశాడు. వేరే గేజీ తెప్పించి పెట్టాడు.

"నూట డెబ్బై ఎనిమిది" అన్నాడు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, ఆశ్చర్యం. సరిగ్గా రెండు వందలు పెట్టి వెళ్లాను కదా, ఆ ఇరవై రెండు ఎక్కడికి పోయాయి? దొంగ ఎవడు?

సార్ సబ్బునీళ్లు తెప్పించి వాల్వ్ చుట్టూ, అంచు చుట్టూ పూసి వంగి చూశాడు. నేనూ వంగి చూశాను. ఒక్క బుడగ రాలేదు.

"లీకు లేదు" అన్నాడు సార్. గొంతు కొంచెం తగ్గింది. "మరి ఎలా తగ్గింది?"

అప్పుడు, ఆ సబ్బునీళ్ల ముందు గొంతుకూర్చుని ఉండగా, నాకు మా దుకాణంలో పాల గిన్నె గుర్తొచ్చింది. పాలు పొంగుతాయి. గిన్నె అంచుదాకా వస్తాయి. ఎక్కువైపోయాయని ఎవడైనా నాలుగు గరిటెలు తీసేస్తే? పొంగు దిగాక గిన్నె వెలితి పడుతుంది. వేడికి ఉబ్బి రెండు వందల ఇరవై అయింది గానీ, చల్లారితే అది తనంతట తానే రెండు వందలకు దిగేది. నేను పొంగు మీద గరిటె పెట్టాను. పాలవాడి కొడుకును! పుట్టినప్పటి నుంచి పొంగు చూస్తున్నవాణ్ణి!

సార్ పక్క చక్రం చూశాడు. రెండు వందల ఒకటి. శుభ్రంగా ఉంది. ఆయన ముఖం మాత్రం తేలికపడలేదు.

"ఇది ఎప్పుడు తగ్గిందో తెలియదు" అన్నాడు ఇంకా మెల్లగా. "నిన్న దిగేటప్పుడే తక్కువగా ఉంటే దీని బరువు కూడా పక్క టైరే మోసి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల దెబ్బతిని ఉండొచ్చు. రెండూ మారుస్తాను. ఇక్కడ సిద్ధంగా ఉన్నది ఒక్క చక్రమే. రెండోది వచ్చేసరికి... ఈ విమానం ఈరోజు వెళ్లదు. ఫోన్ చేస్తాను, రేపటికి మార్చుకుంటారు."

రేపటికి. రేపు పొద్దున్నే కాశీలో తాత తిథి. పదేళ్ల కోరిక. పైన అద్దాల వెనక ఎక్కడో బాపమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

నోరు విప్పితే నా ఉద్యోగం పోవచ్చు. విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. చక్రాన్ని షాపుకు పంపి, లేని చిల్లు కోసం వారం రోజులు వెతికి, అంతుపట్టక వదిలేస్తారు. నిజం చెప్పనా? నాలుగైదు క్షణాలు నేను ఆ రెండో దారి వైపే చూశాను. సార్ ఫోన్ తీశాడు.

"సార్."

"ఏంటి?"

"లీకుంది సార్."

"లేదు కదయ్యా, సబ్బునీళ్లతో చూశాం."

"టైరుకు లేదు సార్. లీకు నేనే."

సార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేనే తీసిన సార్. నిన్న."

"ఎప్పుడు?"

"విమానం ఆగినంక ఇరవై నిమిషాలకు."

"ఎంత?"

"ఇరవై."

"పక్క చక్రం?"

"తీస్తుంటి సార్, గంతల మీరు పిలిచిన్రు."

సార్ కళ్లు మూసుకుని తెరిచాడు. "ఎందుకు తీశావ్?"

"ఎక్కువుండె సార్. గర్మీకి ఉబ్బితె జర వదలాలని అఫ్జల్‌గంజ్‌ల ఖాజా భాయ్ చెప్పిండు."

"ఎవరాయన? ఏ ఎయిర్‌లైన్?"

"పంక్చర్ దుకాణం సార్."

ఆ తర్వాత ఆయన ఏదో అన్నాడు గానీ నాకు వినపడలేదు. ఆయన కోపం ఆ స్థాయికి చేరింది. కాసేపటికి మళ్లీ వినిపించే గొంతుకు వచ్చాడు.

"ఒక్క విషయం జాగ్రత్తగా చెప్పు. నువ్వు తీయకముందు ఎంత ఉంది? ఊహించి చెప్పకు."

"రెండు వందల ఇరవై. రెండుసార్లు పెట్టి చూసిన."

"ఖచ్చితంగా?"

"బాపమ్మ మీద ఒట్టు సార్. ఆమె పైనే ఉంది."

సార్ పైకి చూశాడు, ఆకాశంలోకి. ఆమె కాలం చేసిందనుకున్నాడేమో. నేను అద్దాల వైపు చెయ్యి చూపించి, ఈ విమానంలోనే వెళుతోందని చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపుకు ఏ భాషలోనూ మాట లేదు.

కానీ నా నోటి మాటతో ఒక మంచి జరిగింది. విమానం దిగినప్పుడు ఆ టైరులో ఒత్తిడి సరిగ్గా ఉందని తేలింది. అంటే పక్క టైరు అదనపు బరువు మోయలేదు. సార్ ఫోన్లో పైవాళ్లతో అంతా ఉన్నదున్నట్టు చెప్పాడు, నా పేరుతో సహా. వాళ్లు ఏవో అడిగారు, ఈయన మరమ్మతు నియమాల పుస్తకం తెరిచి చదివి వినిపించాడు. చివరికి ఒక్క చక్రం మారిస్తే చాలన్నారు.

నేను ధైర్యం చేసి అడిగాను. "సార్, దీన్నే మళ్ల రెండు వందలకు నింపితె అయిపోదా?"

"ఇంత తగ్గితే పుస్తకంలో 'నింపు' అని లేదు. 'మార్చు' అని ఉంది. పద."

జాకీ పెట్టారు. విమానం ఆ మూల కొంచెం లేచింది. సార్ నన్ను ఆ చక్రం దగ్గరికి పిలిచి, నిలబడాల్సిన చోటు చూపించి, పనిముట్టు చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు గాలి తియ్యి."

"సార్?"

"చక్రం విప్పేముందు గాలి తీయాలి. నీకు బాగా వచ్చిన పనే కదా. మొత్తం తియ్యి. ఈసారి నేను చెబుతున్నాను."

"సుయ్‌"మంటూ పోతుంటే ఆ శబ్దం నన్నే వెక్కిరించినట్టు అనిపించింది. పాత చక్రాన్ని దొర్లించుకుంటూ పోయి, కొత్తది దొర్లించుకుంటూ వచ్చాను. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుంది. పైన అద్దం దగ్గర ఒక ఎర్రచీర చేతులు ఊపడం కంటి కొసన కనిపించింది. నేను తలెత్తలేదు.

విమానం గంటా నలభై నిమిషాల ఆలస్యంగా లేచింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, శిక్ష వినడానికి సార్ దగ్గరికి వెళ్లాను.

"జరిగింది మొత్తం రాసి ఇవ్వు. రెండు నెలలు గేజీ ముట్టుకోవద్దు. ఇక మీదట వచ్చే ప్రతి కొత్త బ్యాచ్‌కీ వేడి టైరు పాఠం నువ్వే చెప్పాలి, నీ కథతో."

"ఉద్యోగం సార్?"

"తప్పు చేసినవాడికి నేర్పించగలను వినోద్. దాచేవాణ్ణి మాత్రం విమానం దగ్గరికి రానివ్వను. నువ్వు కాస్త ఆలస్యంగానైనా చెప్పావు." రెండడుగులు వేసి ఆగాడు. "ఇంకోటి. లారీక్కూడా అది తప్పే. మీ ఖాజా భాయ్‌కి చెప్పు."

చెప్పాను. ఆ సాయంత్రమే. ఖాజా భాయ్ చేతిలోని చాయ్ పక్కన పెట్టాడు.

"అరే మియా! లారీ ముచ్చట తీస్కపోయి హవాయి జహాజ్‌కు పెట్టినవా?"

"లారీకి గూడ తప్పే అంట భాయ్. చల్లగైనంక చూస్తె తక్కువైతదంట."

"నలభై ఏండ్ల నా అంగూఠా తప్పా?"

గొడవకు వస్తాడనుకున్నాను. ఆయన మాత్రం కాసేపు గడ్డం గోక్కుని, అప్పుడే వచ్చి ఆగిన లారీకి గేజీ పెట్టి, టైరు మీద సుద్దతో అంకె రాశాడు. డ్రైవర్‌ను బతిమాలి, చాయ్ తాగించి, రెండున్నర గంటలు ఆపాడు. ఇద్దరం దుకాణం మెట్ల మీద పరీక్ష ఫలితం కోసం చూసినట్టు కూర్చున్నాం. మళ్లీ గేజీ పెట్టాడు. అంకె దిగింది. ఒక చుక్క గాలి తీయకుండానే దిగింది. ఖాజా భాయ్ తన బొటనవేలిని కొత్త మనిషిని చూసినట్టు చూసుకున్నాడు.

"తేరా సార్ సహీ బోల్తా. ఆయన మాటే నిజం" అన్నాడు. అప్పటి నుంచి ఆయన దుకాణంలో వేడి టైరుకు చాయ్ తాగేంత విశ్రాంతి తప్పనిసరి. డ్రైవర్లు తిట్టుకుంటారు, పక్క చాయ్ హోటల్ వాడు మాత్రం నాకు సలాం కొడతాడు.

వారం తర్వాత మావాళ్లు కాశీ నుంచి తిరిగొచ్చారు. తాతకు పిండం సమయానికే పెట్టారు. నేను దుకాణానికి వెళ్లేసరికి బెంచీ నిండా జనం, మధ్యలో బాపు, పక్కన గంగాజలం చెంబుతో బాపమ్మ. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. తెలిసిపోయిందనుకున్నాను.

బాపు చెప్పడం మొదలుపెట్టాడు. ఆలస్యమని మైకులో చెప్పగానే హాల్లో పెద్ద లొల్లి అయిందట. ఒక కళ్లద్దాల పెద్దమనిషి అక్కడి ఉద్యోగి మీద విరుచుకుపడి, "దీనికి బాధ్యులెవరు? పేరు చెప్పండి!" అని అరిచాడట. అప్పుడే బాపమ్మ అద్దంలోంచి చక్రం దొర్లిస్తున్న నన్ను చూసింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచి, నలుగురినీ తోసుకుని ముందుకు వెళ్లిందట.

"ఏమన్న?" బాపమ్మ తనే అందుకుంది. "పేరు గావాల్నా, నేను చెప్త అన్న. గీ ఇమానాన్ని ఆపింది ఇంకెవ్వలో గాదు, గదో, నా మనుమడు ఇనోదు అన్న! నిన్ననే చేతులు పెట్టి చూసిండు, టైరు సంగతంత ఆనికే తెలుసు అన్న!"

ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు, గమనించండి.

"అంతే!" అన్నాడు బాపు. "అందరు అద్దం దగ్గరకు ఉరికిన్రు. సప్పట్లు కొట్టిన్రు. గా కళ్లద్దాలాయన అమ్మకు దండం పెట్టి, మీ మనుమని వల్ల మా పానాలు దక్కినయమ్మా అన్నడు. కాఫీ గూడ తాపిచ్చిండు."

బెంచీ మొత్తం నా వైపు చూసింది. సార్ ముందు ఒప్పుకున్నవాణ్ణి, వీళ్ల ముందు దాచడం ఏం మర్యాద? చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

"అంత పెద్ద ఇమానాన్ని ఎట్ల ఆపినవ్‌రా?" అని బాపు నా భుజం మీద చెయ్యేశాడు.

"గాలి తీసిన బాపూ. నేనే, నా చేత్తోని, బాగున్న టైరుల గాలి తీసి ఆపిన."

బెంచీ విరిగిపోయేంత నవ్వు. బాపు కళ్లు తుడుచుకుంటూ, "చూసిన్రా? ఇంత చేసి గూడ ఎంత పరాచికమో మావోనికి!" అన్నాడు. బాపమ్మ చెంబులోంచి గంగాజలం తీసి నా నెత్తిన చల్లింది.

నిజం చెప్పినా నమ్మనివాళ్లకు ఇంకేం చెప్పను? అందుకే మీకు చెబుతున్నాను. మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గేజీ మీద, ఎడమచెయ్యి పుస్తకం మీద పెట్టి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: చల్లారని టైరు మూత మీద నా నీడ కూడా పడనివ్వను. చక్రం పక్కకు వెళ్లను. చేసిన ప్రతి పనీ, చేయకూడనిది చేస్తే అది ఇంకా ముందుగా, రాసి సంతకం పెడతాను. వచ్చే ఏడాది తిరుపతికి కూడా విమానంలోనే వెళతానంటోంది బాపమ్మ. ఆ రోజు నేను సెలవు పెడతాను.